లెక్క సరిపోయింది, హద్దు సరిపోలేదు: పాలమూరులో ఒక వెంచర్ సర్వే

భూమి కొన్నాక కొలిస్తే తక్కువ రావడం మా సర్వేయర్ల పనిలో తరచూ చూసేదే. పాస్‌బుక్కులో ఐదెకరాలుంటే నేల మీద నాలుగెకరాల ముప్పై గుంటలు (ఎకరానికి నలభై గుంటలు) తేలుతుంది. కొన్నవాళ్లు తల పట్టుకుంటారు. అలాంటప్పుడు ఎక్కడో తప్పుందని కనీసం అందరికీ అర్థమవుతుంది. ఇక్కడ రాస్తున్న కేసులో కొలత దాదాపు సరిగ్గానే వచ్చింది. 7 ఎకరాల 5 గుంటలకు అగ్రిమెంట్ రాసుకుంటే 7 ఎకరాల 3 గుంటలు తేలింది. రెండు గుంటలే కదా అని అందరూ ధైర్యంగా ముందుకెళ్లారు. ఆ ధైర్యమే కొంప ముంచబోయింది.

ఊరి పేరు, సర్వే నంబరు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. విస్తీర్ణాల లెక్క మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. కేసంతా ఆ లెక్కలోనే ఉంది.

నేపథ్యం

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. 44వ నంబరు జాతీయ రహదారి నుంచి కొన్ని కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే ఊరు. ఉత్తరాన తారు రోడ్డు, దక్షిణాన సన్నటి ఒర్రె (చిన్న వాగు), ఆ ఒర్రె దాటితే కుంట కింద పారే వరి మళ్లు. మధ్యలో చదరానికి దగ్గరగా ఉండే ఒక సర్వే నంబరు. ఎర్రనేల, ఒకప్పుడు జొన్న, ఆముదం వేసేవాళ్లట. బోర్లు ఎండిపోయాక కొంత భాగం బీడు పడింది.

కొనబోయినవాళ్లు ముగ్గురు. ఇద్దరు బావాబామ్మర్దులు, ఇంకొకరు వాళ్ల స్నేహితుడు. ముగ్గురిలో ఎవరికీ రియల్ ఎస్టేట్ అసలు వృత్తి కాదు. చేతిలో ఉన్న డబ్బు, కొంత అప్పు కలిపి ఒక చిన్న వెంచర్ వేద్దామనుకున్నారు. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి.

సర్వే నంబరు మొత్తం సేత్వార్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు) ప్రకారం 14 ఎకరాల 20 గుంటలు. అందులో 12 గుంటలు ఖరాబు, అంటే పట్టాలోకి రాని భూమి. పోగా మిగిలేది 14 ఎకరాల 8 గుంటలు. ఇది నాలుగు బై నంబర్లుగా, అంటే ఉపవిభాగాలుగా, నలుగురి పేర్ల మీద ఉంది. పడమర నుంచి తూర్పుకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుందాం. పాస్‌బుక్కుల్లో వరుసగా 3 ఎకరాల 25 గుంటలు, 4 ఎకరాల 2 గుంటలు, 3 ఎకరాల 25 గుంటలు, 3 ఎకరాల 20 గుంటలు. మనవాళ్లు కొంటున్నవి మూడు, నాలుగు. రెండూ కలిపితే 7 ఎకరాల 5 గుంటలు.

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాలుగు పాస్‌బుక్కులూ కలిపి చూడండి. 14 ఎకరాల 32 గుంటలు వస్తుంది. పట్టాకు ఉన్న భూమి 14 ఎకరాల 8 గుంటలే. కాగితం మీదే 24 గుంటలు ఎక్కువున్నాయి. ఈ కూడిక ఎవరూ చేయలేదు. కొనేవాళ్లు తాము కొనే రెండు పాస్‌బుక్కులే చూశారు, పక్కవాళ్లవి మనకెందుకు అనుకున్నారు.

అప్పటికి ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణి నడుస్తోంది. సర్వే నంబరు కొడితే పట్టాదారు పేరు, విస్తీర్ణం వచ్చేవి. ఆ విస్తీర్ణం నేల మీద ఏ మూలన ఉందో చూపే పటం మాత్రం వచ్చేది కాదు. పైగా ఈ నాలుగు బై నంబర్లకు ఎప్పుడూ పోడి కాలేదు. అంటే సర్వేయర్ వచ్చి కొలిచి, లోపలి హద్దులు వేసి, పటంలో గీసింది లేదు. తండ్రి పోయాక కొడుకులు గెట్లు (పొలం గట్లు) వేసుకున్నారు, పట్వారీ పహాణీలో (ఊరి భూముల ఏటేటి లెక్కల పుస్తకంలో) బై నంబర్లు రాశాడు, అంతే. తెలంగాణ ఊళ్లలో ఇలాంటివి కోకొల్లలు.

నా దగ్గరికి వచ్చేనాటికి

మొత్తం ధరలో మూడో వంతు బయానా ఇచ్చేశారు. గెట్ల వెంట కడీలు (హద్దు రాతి స్తంభాలు) పాతారు. జేసీబీ పెట్టి చదును చేసి, మట్టి రోడ్లు కూడా తీశారు. పదకొండు మంది దగ్గర ప్లాట్లకు బుకింగ్ డబ్బు తీసుకున్నారు. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు.

ఒక పొద్దున తూర్పు గెట్టు మీద, దక్షిణం వైపు తొమ్మిది కడీలు పీకి ఉన్నాయి. విరగ్గొట్టలేదు. ఒకదాని పక్కన ఒకటి వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. పీకింది తూర్పు వైపు సర్వే నంబరు రైతు. దాచుకోలేదు, నేనే పీకిన అన్నాడు. అదే వారంలో ఒర్రె అవతలి రైతులు వచ్చి వెంచర్ గేటు ముందు రెండు ట్రాక్టర్లు అడ్డంగా పెట్టారు. కోతల కాలం దగ్గరపడింది, హార్వెస్టర్ పోవడానికి దారేదని వాళ్ల గొడవ.

బావాబామ్మర్దుల్లో పెద్దాయన నాకు ఫోన్ చేసినప్పుడు గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "సార్, మా కాగితాలన్నీ క్లియర్‌గా ఉన్నయ్. కొలత కూడా కరెక్ట్‌గా వచ్చింది. మరి ఎందుకొస్తున్నరో అర్థమైతలేదు" అన్నాడు. అబద్ధం కాదు, ఆయన నిజంగానే అలా నమ్మాడు.

అంతకుముందు చేసినవి

మొదట ఫోన్‌లో యాప్ పెట్టుకుని గెట్ల మీద చుట్టూ నడిచారు. ఏడెకరాలకు కొంచెం అటూ ఇటూ వచ్చింది. ఫోన్ జీపీఎస్ ఒక్కో పాయింటు దగ్గర కొన్ని మీటర్లు తప్పొచ్చు. పొలం ఎంతుందో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ హద్దు తేల్చడానికి పనికిరాదు.

గొడవ మొదలయ్యాక ఊరి పెద్దలు కూర్చున్నారు. తూర్పు గెట్టు దగ్గర చెరిసగం వదులుకోండి అని చెప్పారు. రైతు సరేనన్నాడు, రెండో రోజు కొడుకులు ఒప్పుకోలేదు. పెద్దల్ని తప్పు పట్టలేం. తేడా ఎంతో తెలియకుండా అందులో సగం ఎంతని చెబుతారు?

ఆ తర్వాత ఒక ప్రైవేట్ సర్వేయర్‌ను పిలిపించి ఈటీఎస్ (ఎలక్ట్రానిక్ టోటల్ స్టేషన్) అనే సర్వే పరికరంతో కొలిపించారు. ఆ మ్యాప్ నేను చూశాను. పనిలో లోపం లేదు. ప్రతి మలుపూ తీసుకున్నాడు, లెక్క చక్కగా కట్టాడు. 7 ఎకరాల 3 గుంటలు. అయితే అతనికి చెప్పిన పని గెట్ల లోపల ఎంతుందో కొలవమని, అతను కొలిచింది అదే. ఆ గెట్లు సరైన చోట ఉన్నాయా అని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పరికరం మిల్లీమీటర్లలో పట్టి ఇచ్చిన కొలత కాబట్టి ఇక తిరుగులేదనుకున్నారు. గెట్టు తప్పు చోట ఉంటే ఆ తప్పును కూడా పరికరం మిల్లీమీటర్లలోనే పట్టి చూపిస్తుంది.

నేను మొదలుపెట్టిన తీరు

నా మొదటి ప్రశ్న కాగితాల గురించే. వాళ్ల ఫైల్‌లో పాస్‌బుక్కుల జిరాక్సులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అగ్రిమెంట్, ఈటీఎస్ మ్యాప్ ఉన్నాయి. టిప్పన్ (సర్వే నంబరు కొలతలు రాసిన పాత పటం) లేదు, గ్రామ నక్షా (ఊరి పటం) లేదు, సేత్వార్ లేదు, పాత పహాణీలు లేవు. యజమాని ఎవరో చెప్పే కాగితాలున్నాయి గానీ భూమి ఎక్కడుందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అందుకే పొలానికి పోకుండా ముందు రికార్డుల నకళ్లకు దరఖాస్తు పెట్టించాను. ఇందుకు రెండు వారాలు పట్టింది. క్లయింట్లకు ఇది నచ్చలేదు, కడీలు పీకినచోట పని ఆగిపోయిందని వాళ్ల బాధ. అయినా కాగితం లేకుండా పొలంలో దిగితే నేను కూడా గెట్లే కొలుస్తాను, ఇంకో ఏడెకరాల మూడు గుంటల మ్యాప్ ఇచ్చి ఫీజు తీసుకుంటాను.

నకళ్లు వచ్చాక మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, పైన చెప్పిన 24 గుంటల తేడా. పాత పహాణీలు ఒక్కొక్కటే తిరగేస్తే కారణం దొరికింది. మూడో ముక్క యజమాని తండ్రి చాలా ఏళ్ల కిందట పడమటి వైపు 24 గుంటలు రెండో ముక్క రైతుకు సాదా బైనామా మీద అమ్మాడు. తెల్ల కాగితం, ఇద్దరు సాక్షులు. రెండో రైతు తర్వాత దాన్ని క్రమబద్ధం చేయించుకుని 13-బి ధృవపత్రం తెచ్చుకున్నాడు. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో ఆ 24 గుంటలు అతని ఖాతాలో కలిసాయి. అమ్మినవాడి ఖాతాలోంచి మాత్రం తీసేయలేదు. ఒకే భూమి రెండు పాస్‌బుక్కుల్లో ఉండిపోయింది. కొడుక్కి ఈ సంగతి తెలుసా అని నన్ను అడిగారు. గెట్టు చిన్నప్పటి నుంచి అక్కడే చూశానన్నాడు, పాస్‌బుక్కులో అంకె ఎంతుంటే అంతే అమ్ముతున్నానన్నాడు. నేను నమ్మాను.

రెండు, గ్రామ నక్షాలో మూడో ముక్కకూ నాలుగో ముక్కకూ మధ్య ఉత్తరం నుంచి దక్షిణానికి జంట చుక్కల గీత. బండ్ల బాట. పహాణీలో ఖరాబు కింద చూపిన 12 గుంటలు ఇదే. బాట పొడవు 24 గొలుసులు, వెడల్పు అర గొలుసు. వాటా మనుషులకే గానీ బాటకెందుకని ఇరువైపుల వాళ్లూ దున్నుకుంటూ వచ్చారు, చివరికి కాలిదారి మిగిలింది. చదును చేసినప్పుడు జేసీబీ ఆ కాలిదారిని కూడా కలిపేసింది.

ఈ కొలతల గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మన దగ్గర పాత సర్వే గొలుసు 33 అడుగులు. దాన్ని 16 అణాలుగా విభజిస్తారు, అంటే అణా రెండడుగుల ముప్పావు అంగుళం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే ఒక గుంట, 121 గజాలు. నలభై గుంటలు ఎకరం. ఇది తెలిసినవాళ్లకు టిప్పన్ చూడగానే గుంటలు కళ్ల ముందు కనబడతాయి. 24 గొలుసుల పొడవు, అర గొలుసు వెడల్పు అంటే 12 గుంటలని కాగితం పెన్ను లేకుండా చెప్పేయొచ్చు. టిప్పన్ స్కేలుకు గీసిన పటం కాదు, కొలతలు రాసుకున్న చేతి నక్షా. జిరాక్స్ మీద స్కేలు పెట్టి కొలిచేవాళ్లను చూశాను, అది పెద్ద పొరపాటు. అందులో అంకెలే చదవాలి.

మూడు, తూర్పు హద్దు టిప్పన్‌లో తిన్నటి గీత. నేల మీద తూర్పు గెట్టు దక్షిణానికి పోయేకొద్దీ కొద్దికొద్దిగా అవతలికి వంగి ఉంది. ఎంత వంగిందో తేల్చాలంటే మూల రాళ్లు కావాలి.

నా మొదటి ప్రయత్నం ఎందుకు చెడింది

ఈశాన్య మూలలో, కల్వర్టు పక్కన కానుగ చెట్టు కింద ఒక సర్వే రాయి ఉంది. వాయవ్యంలో రోడ్డు పక్కన ఇంకోటి. రెండింటి మధ్య దూరం కొలిస్తే టిప్పన్‌లో ఉన్నదానికీ నా కొలతకూ అర అణా కూడా తేడా రాలేదు. సంతోషపడి ఆ రెంటినీ ఆధారం చేసుకుని మిగతా మూలలు లెక్క కట్టాను. తూర్పు గెట్టు దక్షిణం మొనన 47 అడుగులకు పైగా అవతలికి పోయినట్టు వచ్చింది. కొన్నవాళ్ల మొహాలు వాడిపోయాయి.

అక్కడితో ఆపి రిపోర్టు రాసిచ్చే సర్వేయర్లున్నారు, వయసులో నేనూ అలా ఇచ్చి ఉండేవాణ్ణేమో. నైరుతిలో ఒర్రె ఒడ్డున మూడో రాయి కనబడింది కాబట్టి దాన్ని కూడా కలిపి చూశాను. వాయవ్యం నుంచి నైరుతికి దూరం సరిపోయింది. ఈశాన్యం నుంచి నైరుతికి, అంటే మూలకు మూల, దాదాపు ఏడు అణాలు తక్కువ వచ్చింది. పద్నాలుగు అడుగులు.

ఇక్కడ ఆలోచన ఇలా నడిచింది. రెండు భుజాలు సరిపోయి మూలకు మూల సరిపోలేదంటే వాయవ్యం దగ్గర కోణం తప్పింది. కోణం తప్పిందంటే ఈశాన్యపు రాయో నైరుతి రాయో జరిగింది. ఒక రాయి తన భుజానికి అడ్డంగా జరిగితే ఆ భుజం పొడవులో తేడా దాదాపు కనిపించదు. 800 అడుగుల దూరాన ఉన్న రాయిని 20 అడుగులు పక్కకు జరిపితే పొడవు మారేది మూడు అంగుళాలు. రెండు రాళ్ల మధ్య దూరం సరిపోయిందని నేను సంబరపడ్డది ఇందుకే పనికిరాదు. సరే, రెండింటిలో ఏది జరిగింది? సర్వే నంబరు లోపల ఉన్న ఆధారాలతో అది తేలదు. బయటికి పోవాలి.

మూడు ఊళ్ల రాయి

గ్రామ నక్షా ప్రకారం రోడ్డుకు ఉత్తరాన, సుమారు 40 గొలుసుల దూరంలో మూడు ఊళ్ల సరిహద్దులు కలుస్తాయి. అలాంటి చోట పాతిన రాయిని రైతులు తమ అవసరానికి జరపడం తక్కువ, ఎందుకంటే అది ఏ ఒక్క రైతు గెట్టూ కాదు. మా చైన్‌మెన్‌తో ఒక పూటంతా తిరిగినా దొరకలేదు. ఊళ్లో ఒకప్పుడు సుంకరిగా (గ్రామ సేవకుడిగా) చేసిన తాత ఉన్నాడని తెలిసి పిలుచుకొచ్చాం. ఆయన వచ్చి, తుమ్మ పొద దగ్గర నిలబడి, కట్టెతో నేల మీద కొట్టి, "గిక్కడ్నే ఉండాలె బిడ్డా" అన్నాడు. పొద కొట్టి, గడ్డపారతో మూరెడు లోతు తవ్వితే రాయి నెత్తి తగిలింది. చేత్తో మట్టి తుడిస్తే మూడు దిక్కులకూ చెక్కిన గీతలు కనబడ్డాయి. గీతల్లో ఇరుక్కున్న మట్టిని ఆ తాత తన గోటితో గీకి తీశాడు.

అక్కణ్ణుంచి మధ్యలోని సర్వే నంబర్ల టిప్పన్లు పట్టుకుని, ఉన్న ప్రతి రాయినీ కలుపుకుంటూ వచ్చాం. నైరుతి రాయి తన చోటనే ఉంది, అణా లోపు తేడా. ఈశాన్యపు రాయి ఉండాల్సిన చోటికి 20 అడుగులు దక్షిణానికి ఉంది. ఆ తాతకే కారణం కూడా తెలుసు. కల్వర్టు కట్టేటప్పుడు రాయి పీకి పక్కన పెట్టారట, పని అయ్యాక కానుగ చెట్టు కింద నీడ చూసుకుని పాతారట.

సరైన మూల నుంచి లెక్క కడితే తూర్పు గెట్టు ఉత్తరం మొనన సరిగ్గానే ఉంది, దక్షిణం మొనన 27 అడుగుల ఆరంగుళాలు అవతలికి పోయింది. 792 అడుగుల పొడవున ఈ కోసు (త్రికోణపు ముక్క) 10 గుంటలు. నా మొదటి కొలతే రాసిచ్చి ఉంటే ఇంకో ఏడు గుంటలు, క్లయింట్ల సొంత భూమిని, నేనే పక్క రైతుకు రాసిచ్చేవాణ్ణి.

ఇప్పుడు మొత్తం లెక్క చూడండి. మూడో ముక్కలో నిజంగా ఉన్నది 3 ఎకరాల 1 గుంట, నాలుగో ముక్కలో 3 ఎకరాల 20 గుంటలు. కలిపి 6 ఎకరాల 21 గుంటలు. దీనికి కలిసిపోయిన బాట 12 గుంటలు, తూర్పు రైతు భూమి 10 గుంటలు చేరిస్తే 7 ఎకరాల 3 గుంటలు. ఈటీఎస్ మ్యాప్‌లో వచ్చిన అంకె ఇదే. పోయిన 24 గుంటల స్థానంలో వేరేవాళ్ల 22 గుంటలు వచ్చి కూర్చున్నాయి. ఈ కేసు రాయాలనిపించింది ఇందుకే. విస్తీర్ణం సరిపోవడం హద్దు సరిపోవడానికి రుజువు కాదు. తేడా పది గుంటలో పదిహేను గుంటలో వచ్చి ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు. రెండు గుంటలే కావడంతో అడిగే అవకాశమే లేకపోయింది.

ఒప్పందం ఎలా కుదిరింది

కొలత తేలితే గొడవ తీరదు. నేను ప్రైవేట్ సర్వేయర్‌ను, నా మ్యాప్‌తో పక్కవాళ్లను కట్టడి చేయలేను. నోటీసులిచ్చి, పంచనామా రాసి చేసే ప్రభుత్వ సర్వే కావాలి. మీ సేవలో ఎఫ్‌లైన్ దరఖాస్తు, అంటే ప్రభుత్వ సర్వేయర్ వచ్చి హద్దు కొలవాలన్న దరఖాస్తు, పెట్టించాను. అయితే ఆ తేదీ వచ్చేలోపు పక్క రైతులతో మాట్లాడాలన్నది నా పట్టుదల. పంచనామా రోజు మొదటిసారి అంకె వింటే ఎవరైనా అడ్డం తిరుగుతారు, సంతకం పెట్టరు.

క్లయింట్లు మొదట వద్దన్నారు. మన బలహీనత మనమే చెప్పుకోవడం ఎందుకని. నా ఆలోచన వేరు. అతని 10 గుంటలు ఎలాగూ అతనివే. ముందే మనం ఒప్పుకుంటే మిగతా గీతను అతను నమ్ముతాడు.

తూర్పు రైతు ఇంటికి పోయి టిప్పన్ చూపించాను. చదువు రాదన్నాడు. సరే అని పొలానికి తీసుకెళ్లి ప్రిజం కర్ర (పరికరం గురిపెట్టే కర్ర) ఆయన చేతికే ఇచ్చాను. నేను పరికరం దగ్గర నిలబడి "కొంచెం ఇటు పెద్దాయనా, ఇంకొంచెం" అంటుంటే ఆయన జరుగుతూ వచ్చి ఒకచోట ఆగాడు. అక్కడ మేకు కొట్టించాం. ఆయన చుట్టూ చూసి, కింద కూర్చుని మట్టి తడిమాడు. "సారూ, మా నాయిన ఉన్నప్పుడు గెట్టు గీడ్నే ఉండె. గీడ రేగు చెట్టుండె, దాని మొద్దు గూడ ఉండాలె" అన్నాడు. నాలుగడుగుల అవతల మొద్దు దొరికింది. ఆ తర్వాత ఆయన కొడుకులు ఒక్క మాట మాట్లాడలేదు. మండల సర్వేయర్ వచ్చిన రోజు మొదటి వేలిముద్ర ఆయనదే.

అమ్మినవాళ్లతో ధర మాట్లాడటం కష్టమైంది. అగ్రిమెంట్‌లో 7 ఎకరాల 5 గుంటలని రాసి ఉంది. రిజిస్ట్రేషన్ కాకపోవడం, మూడింట రెండు వంతుల డబ్బు ఇంకా చేతిలో ఉండటం మా క్లయింట్లను కాపాడాయి. చివరికి కొలతలో తేలిన 6 ఎకరాల 21 గుంటలకే ధర కట్టి కొత్త అగ్రిమెంట్ రాసుకున్నారు. మూడో ముక్కలోంచి 3 ఎకరాల 1 గుంట మాత్రమే రిజిస్టర్ చేసుకున్నారు. మిగిలిన 24 గుంటలు ఖాతా సవరణ కోసం అమ్మినవాళ్లకే వదిలేశారు. 24 గుంటలంటే 2,904 గజాలు. రోడ్లు, పార్కు స్థలం పోను 200 గజాల లెక్కన ఏడెనిమిది ప్లాట్లు. లేని ఆ ప్లాట్లను కూడా వీళ్లు బ్రోచర్‌లో గీసి ఉంచారు.

బాట విషయంలో మాత్రం ఎవరితోనూ బేరం లేదు. అది ఎవరూ అమ్మలేని భూమి, ఎవరూ కొనలేరు. కాబట్టి లేఅవుట్‌నే మార్చమన్నాను. పదహారున్నర అడుగుల బాటను మధ్యలో ఉంచి, రెండు వైపులా పన్నెండడుగులకు కొంచెం తక్కువగా తమ స్థలం కలిపితే 40 అడుగుల రోడ్డు అయింది. వెంచర్‌కు ఎలాగూ రోడ్డు కావాలి, ఒర్రె అవతలి రైతులకూ దారి దొరికింది. నన్నడిగితే ఈ కేసులో అన్నిటికన్నా తేలిగ్గా తీరిన సమస్య ఇదే. పటం ముందే చూసి ఉంటే సమస్యే అయ్యేది కాదు. దక్షిణాన ఒర్రె పది మీటర్లలోపు వెడల్పుదే కాబట్టి నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 2 మీటర్లు వదిలించాను. అదే పది మీటర్లు దాటిన వాగైతే 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువు పక్కనైతే పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు.

పదకొండు బుకింగుల్లో మూడు కోసులోనో బాట మీదో పడ్డాయి. ఒకరు వేరే ప్లాటుకు ఒప్పుకున్నారు, ఇద్దరు డబ్బు వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో ఒకాయన బిడ్డ పెళ్లి కోసమని కూడబెట్టిన డబ్బు పెట్టాడు. అది రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడి ఉంటే ఆయన ఎవరి దగ్గరికి పోవాలి? మొత్తం మీద ఐదు నెలలు పోయాయి. కడీలు పీకి మళ్లీ పాతడం, జేసీబీ బాడుగ, అప్పు మీద వడ్డీ వేరే. రికార్డుల నకళ్లకు, మొదట్లోనే సర్వేకు పెట్టాల్సిన ఖర్చు ఆ కడీల ఖర్చులో పావు వంతు కూడా ఉండదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

రెండు రాళ్ల మీద హద్దు కట్టడం మానేశాను. మూడో రాయి, మూలకు మూల దూరం సరిపోతేనే పని మొదలుపెడతాను. సరిపోకపోతే క్లయింట్ ఎంత తొందరపెట్టినా బయటి రాయి వెతుకుతాను. రిపోర్టులో రెండు పటాలు వేరువేరుగా ఇస్తున్నాను. ఒకటి నేల మీద గెట్లు ఉన్నట్టు, ఇంకోటి రికార్డు ప్రకారం ఉండాల్సినట్టు. రెండూ ఒకే కాగితం మీద కలిపి గీస్తే చూసేవాళ్లు తమకు కావాల్సిన గీతనే చూసుకుంటున్నారు.

సర్వే నంబరులో ఒక్క ముక్క కొన్నా మొత్తం నంబరులోని పాస్‌బుక్కులన్నీ కూడించి సేత్వార్‌తో పోల్చి చూస్తాను. అరగంట పని. పోడి కాని బై నంబరైతే ఆ సంగతి మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాస్తాను.

2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న నిబంధనకు కొత్త చట్టంలో చోటు పెట్టారు. ఎన్నాళ్లుగానో కావాల్సింది ఇది, నాకు నిజంగా సంతోషం. అయితే ఆ పటం గెట్లను చూసి గీసిందా, రాళ్ల నుంచి లెక్క కట్టి గీసిందా అన్నది కొనేవాళ్లు అడగాలి. సర్వేయర్ ఏయే రాళ్ల నుంచి మొదలుపెట్టాడో పటం మీద రాసి ఉండాలి. రాయకపోతే రాయించుకోండి.

బయానా గురించి అడిగేవాళ్లకు ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. అగ్రిమెంట్‌లో "ప్రభుత్వ సర్వేలో తేలిన విస్తీర్ణానికే ధర" అన్న ఒక్క వాక్యం రాయించుకోండి, ఎఫ్‌లైన్ తేదీ దాకా కడీల లారీని పిలవకండి. మొన్న జడ్చర్ల వైపు నుంచి వచ్చిన ఒకాయన ఆ వాక్యం రాస్తే అమ్మేవాళ్లు ఒప్పుకోవడం లేదని ఫోన్ చేశాడు. ఎందుకు ఒప్పుకోవడం లేదో ముందు అది కనుక్కోమని చెప్పి, టిప్పన్ నకలుకు దరఖాస్తు పెట్టించాను.